బయటికి చెప్పిన జబ్బు

పొద్దున్నే తిమ్మక్క పొయ్యి మీద రెండు గిన్నెలు పెట్టింది. ఒకదాంట్లో అందరికీ బొరుగుల ఉగ్గాని తాలింపు. రెండోదాంట్లో కొడుకు దేవేంద్రకు ఉప్పూ నూనే తగలని మెత్తటి అన్నం. తాలింపు వాసన మంచం దాకా పోతున్నా అతను తల తిప్పలేదు.

"దేవా, లేచినావా నాయనా?" అంటూ పక్కింటి శాంతమ్మ చెంబుతో లోపలికి వచ్చింది. "నేలుసిరాకు రసం. కోసిగి చేన్లలో పీక్కొచ్చినాడు మా తమ్ముడు. పరగడుపున తాగు, కామెర్లు ఇట్టే దిగిపోతాయి."

దేవేంద్ర చెంబు అందుకుని గుక్క తిప్పుకోకుండా తాగేశాడు. అంత చేదు తాగినా మొహం చిట్లించలేదు. శాంతమ్మ వంగి అతని కళ్లలోకి చూసింది.

"కండ్లు తెల్లబడినాయి తిమ్మక్కా. ఇంక రేపోమాపో మిల్లుకు పోవచ్చు."

తిమ్మక్క గరిటె ఆగింది. శాంతమ్మ వెళ్లేదాకా ఆమె వెనక్కి తిరగలేదు.

దేవేంద్రకు కామెర్లు రాలేదు. అతను ఆదోనిలో పత్తి జిన్నింగ్ మిల్లులో మిషన్లు బాగుచేసే ఫిట్టరు. దసరా దాటాక నిద్ర పోవడం మానేశాడు, తర్వాత మాట్లాడడం మానేశాడు. ఒకరోజు మిల్లు గేటు దాకా పోయి, లోపల మిషన్ల మోత చెవిన పడగానే వెనక్కి వచ్చేశాడు. ఆ సాయంత్రమే తండ్రి తిక్కయ్య ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి మాట ఖాయం చేశాడు.

"తల బాగలేదంటే వాన్ని మళ్లా మిషన్ల కాడికి రానిస్తారా? కామెర్లని చెప్పండి. కామెర్లొచ్చినోన్ని ఎవరూ తప్పు పట్టరు."

తిక్కయ్య పత్తి యార్డులో హమాలీ. జ్వరంతో కూడా మూట మోసినవాడు. మనసుకు వచ్చే జబ్బు అతనికి జబ్బులా కనబడలేదు. చూడటానికి వచ్చేవాళ్లు నమ్మాలి కాబట్టి పథ్యం మాత్రం నిజంగానే మొదలైంది. అసలే ముద్ద దిగని మనిషి చప్పిడి కూటితో ఇంకా చిక్కిపోయాడు. అతను చిక్కేకొద్దీ వీధిలో వాళ్లు కామెర్లని ఇంకా గట్టిగా నమ్మారు.

దేవేంద్ర భార్య మల్లేశ్వరి అదే మిల్లులో మిషన్లకు పత్తి అందిస్తుంది. మనసుకూ మందులుంటాయని, కర్నూలు పెద్దాసుపత్రికి తీసుకుపొమ్మని ఒక నర్సమ్మ చెప్పిందని ఆమె ఇంట్లో రెండుసార్లు అడిగి చూసింది. రెండుసార్లూ తిక్కయ్య లేచి బయటికి పోయాడు.

ఆ పొద్దు ఆమె తలకు గుడ్డ కట్టుకుని మిల్లుకు బయలుదేరుతుండగా అక్కడి మేస్త్రీ జయరాజు గడపలో నిలబడ్డాడు.

"ఏం తిక్కన్నా, మావోడు ఇంకా పచ్చగానే ఉండాడా? నాకూ ఒకసారి కామెర్లొస్తే బాగుండు. కండ్ల నిండా నిద్రన్నా పోదును!"

జయరాజు గొంతు తగ్గించాడు.

"సావుకారు కేకలేస్తాండాడన్నా. పత్తి లారీలు గేటు బయటనే నిలబడినాయి. పత్తి ఒత్తి కట్టే బేళ్లు దిగడంల్యా. వీడు రాకుంటే హొళగుంద నుంచి ఇంకో ఫిట్టర్ని పిలిపిస్తామంటాండారు."

"ఈ పొద్దే వస్తాడు," అన్నాడు తిక్కయ్య వెంటనే. "కామెర్లు పోయినాయి. రేయ్ దేవా, లేయ్. అంగీ తొడుక్కో."

దేవేంద్ర లేచాడు. మేకుకు వేలాడుతున్న అంగీ తీసుకున్నాడు. ఒకే గుండీని పెట్టి, తీసి, మళ్లీ పెడుతున్నాడు. మల్లేశ్వరి వచ్చి ఆ వేళ్లను తన చేతుల్లోకి తీసుకుంది.

"ఈయన పోడు మామా."

"నువ్వు మద్దెలో రావాకు. మొగోళ్లు మాట్లాడతాండాం."

"వస్తా. ఇన్నాళ్లు రాకపోవడమే నా తప్పు."

"ఉద్యోగం పోతే నువ్వు తెచ్చిపెడతావా?"

"ఈ మనిషి పోతే నువ్వు తెచ్చిపెడతావా మామా?"

పొయ్యి దగ్గర తిమ్మక్క "ఏం మాటలే అవి!" అని లేచింది. మల్లేశ్వరి ఆగలేదు.

"దసరాకు మా మిల్లు కూలీ కాశప్పన్న చేయి నలిగిన మిషన్ ఉంది గదా, దాని కాడ చూసినా నేను. రోలర్లు తిరుగుతాండాయి. పత్తి ఇరుక్కోలేదు, ఏమీ లేదు. ఈయన ఊరికే నిలబడి ఆ రోలర్ల కల్లా చేయి చాపుతాండాడు. అంగీ పట్టుకుని వెనక్కి గుంజినా. ఎందుకట్ల చేసినావంటే, నాకూ తెలీదే అన్నాడు."

తిమ్మక్క గోడకు చేరగిలి అట్లాగే కూలబడింది.

"నాకెందుకు చెప్పలేదే?" అన్నాడు తిక్కయ్య.

"మర్నాడే ఈయన గేటు కాడినుంచి తిరిగొచ్చె. ఆ సాయంత్రం చెప్దామని ఇంటికొస్తి. అప్పుడే నువ్వు కామెర్లంటివి."

చెంబు కోసం తిరిగి వచ్చిన శాంతమ్మ జయరాజు వెనకాలే నిలబడి ఉంది. తిక్కయ్య ఆమెను చూశాడు. ఇంకొక్క మాట దాటితే వీధి మొత్తానికి తెలిసిపోతుంది. అతను భుజం మీది తుండు తీసి మొహం తుడుచుకున్నాడు.

"జయరాజూ, వానికి కామెర్లు లేవు. ఎప్పుడూ లేవు. నేనే అబద్ధం చెప్పినా. వానికి మనసు బాగలేదు. రేపు కర్నూలు తీసుకపోతాం. ఆ పని ఎవరికిచ్చుకుంటావో ఇచ్చుకో."

"అయ్యో, నా నేలుసిరాకంతా అన్యాయంగా తాగిస్తి గదప్పా బిడ్డకు!" అంది శాంతమ్మ. అని, కొంగుతో కళ్లు ఒత్తుకుంది. ఇంకేమీ అడగలేదు. లోపలికి వచ్చి తిమ్మక్క పక్కన కూర్చుని ఆమె చేయి పట్టుకుంది.

దేవేంద్ర మేస్త్రీ వైపు చూశాడు. అంతకాలానికి ఒక మనిషి మొహంలోకి సూటిగా చూడడం అదే.

"కాశప్పను ఆటోలో ఎక్కించినాక జాగా తుడిచి మిషన్ వేయమంటివి అన్నా. వేసినా."

జయరాజు తల వంచుకున్నాడు. "నన్నూ పైనుంచి అరిచినారురా. బేళ్లు తగ్గుతాయని." గడప మీద చతికిలబడ్డాడు. "మిషన్ ఆపితే లెక్క తగ్గుతుందని, తిరుగుతాంటేనే చెత్త తీయడం మనకు అలవాటాయె. ఇప్పుడు ఆ మిషన్ కాడ ఆడోళ్లెవరూ నిలబడరు. నిలబెడితే చేతులు వణుకుతాండాయి. పనిదొంగలని తిడితి వాళ్లను. నీ పెండ్లాన్ని కూడా."

మల్లేశ్వరి భర్త అంగీ విప్పి మళ్లీ మేకుకు తగిలించింది.

"సావుకారుతో మాట్లాడతా," అంటూ జయరాజు లేచాడు. "వింటాడో లేదో తెలీదు. ఆ మిషన్ను మాత్రం ఈ పొద్దు తిప్పనియ్యను. నువ్వు కూడా ఈ పొద్దు రావద్దమ్మా. నీ హాజరు సంగతి నేను చూసుకుంటా."

అతను వెళ్లాక తిక్కయ్య మంచం మీద కొడుకు పక్కన కూర్చున్నాడు. కొడుకు వీపు మీద చేయి వేశాడు. చిన్నప్పటి తర్వాత ఆ వీపు తాకడం ఇదే. ఎముకలు చేతికి తగిలాయి.

"నాయనా," అన్నాడు దేవేంద్ర. "కాశప్ప నెత్తురుకు ఎర్రబడిన పత్తి నేనే ఏరి పక్కకు పెట్టినా. అంతా ఏరినానో లేదో తెలీదు. మిగిలింది బేళ్లలోకి పోయింది. కండ్లు మూస్తే అదే పత్తి. ఏరుతాండా, ఏరుతాండా, అయిపోదు నాయనా."

నోరు తెరిచి, శబ్దం లేకుండా, పసిబిడ్డలా వణికిపోయాడు. తర్వాత శబ్దం వచ్చింది. నెలలుగా ఆగి ఉన్న ఏడుపు వీధిలోకి వినబడింది. తలుపు వేయాలని ఎవరికీ తోచలేదు.

తిక్కయ్య కొడుకు తలను ఒళ్లోకి తీసుకున్నాడు. ఆయన కళ్లలోని నీళ్లు ఆ జుట్టులోకి రాలుతున్నాయి.

యార్డుకు పోయే హమాలీలు బయట నుంచి కేకేశారు. "తిక్కన్నా, పొద్దెక్కింది, రాలేదేమి?"

"మీరు పోండప్పా," అని అరిచి, తిక్కయ్య కొడుకు చెవి దగ్గరికి వంగాడు.

"చెప్పు నాయనా, నిదానంగా చెప్పు. నాకు యాడికీ పోయే పనిల్యా."