మధ్య సీటు బెల్టు

రాత్రి ఏడున్నర. సన్నటి వాన. గాలి లేదు.

మూతపడిన పెట్రోలు బంకు ఉన్న ఆ మలుపు గురించి మంచి మాట చెప్పినవాళ్ళు ఎవరూ లేరు. పగలు చూస్తే ఏమీ ఉండదు. తుప్పు పట్టిన రేకుల పందిరి, అద్దాలు పగిలిన గది, గడ్డి మొలిచిన సిమెంటు గచ్చు, అంతే. చీకటి పడ్డాక మాత్రం లారీవాళ్ళు కూడా పాట ఆపేసి, హారన్ కొట్టకుండా దాటిపోయేవాళ్ళు.

పదిహేనేళ్ళ కిందట, బంకు నడుస్తున్న రోజుల్లో, ఇలాంటి వానలోనే ఊరి డిపోకి వస్తున్న బస్సు ఒకటి డీజిలు కోసం అక్కడ ఆగిందట. ఒకావిడ సీసాలో మంచినీళ్ళు పట్టుకుందామని దిగింది. కండక్టరు తలలు లెక్క చూసుకోలేదు. బస్సు కదిలింది. ఆవిడ వెనకాలే పరిగెత్తింది... బస్సు వెనక రేకు మీద అరచేత్తో కొడుతూ. ఇంజను హోరులో లోపలివాళ్ళకి వినపడలేదు. వెనక వస్తున్న లారీ అతనికి ఆవిడ కనపడలేదు.

అప్పటినుంచీ ఆ దారిన పోయే డ్రైవర్లకి ఒక అలవాటు. అక్కడ బండి ఆపితే, కదిలే ముందు లోపల ఉన్నవాళ్ళని లెక్కపెడతారు — పైకి, గట్టిగా. లెక్కపెట్టకపోతే ఆవిడ ఎక్కుతుందంటారు. ఎక్కితే ఆవిడకి చోటు కావాలి కదా... ఇల్లు చేరేసరికి బండిలో ఒకరు తగ్గుతారంటారు.

ఈమధ్య అదే పందిరి కింద ఎలక్ట్రిక్ కార్లకి చార్జింగు స్తంభం ఒకటి పాతారు. దయ్యానికి కరెంటు కనెక్షన్ ఇచ్చారని జనం నవ్వుకున్నారు.

ఊరి బడిలో పనిచేసే టీచరమ్మ కూడా నవ్వింది. ఆ రాత్రి వరకూ.

ఆమె అసలే తక్కువ మాటల మనిషి. జరిగింది ముక్కలు ముక్కలుగానే చెప్పింది. ఆ ముక్కలన్నీ ఏరి చేరిస్తే ఇదీ సంగతి.

కారు కొని పదిరోజులు. ఎత్తుగా, తెల్లగా, చప్పుడు లేని పెద్ద బండి. కొన్న మూడో రోజునే టీచరమ్మ భర్త కారు దగ్గరికి దిగుతూ మెట్ల మీద జారి కాలు విరగ్గొట్టుకున్నారు. కారుకి గీత పడకూడదని కాపలా కాస్తే గీత ఆయనకి పడింది. పనిలేక మంచం మీద పడుకుని, కారుతో వచ్చిన పుస్తకాన్ని పరీక్షకి చదివినట్టు చదివారు. చదివి, పన్నెండు సూచనలు కాగితం మీద రాసి, స్టీరింగు పక్కన అంటించారు.

ఆ రోజు అత్తగారికి పక్క ఊళ్ళో కంటి ఆపరేషను. టీచరమ్మ, కాలేజీ చదివే కూతురు, మరిది — ముగ్గురూ ఆవిడని తీసుకెళ్ళారు. తిరిగి వచ్చేటప్పుడూ అదే నలుగురు. స్టీరింగు టీచరమ్మది. పక్కన మరిది. వెనక ఎడమవైపు కంటికి కట్టుతో అత్తగారు, కుడివైపు కూతురు. మధ్య సీటు ఖాళీ.

"వదినా... తొమ్మిది చూపిస్తోంది" అన్నాడు మరిది.

తెర మీద బ్యాటరీ తొమ్మిది శాతం. ఇల్లు ఇంకా అరవై కిలోమీటర్లు.

పొరపాటు ఇద్దరిదీ. మొదటి సూచన — 'ఎనభై శాతం దగ్గర చార్జింగు ఆపెయ్యి' అని ఉంది. టీచరమ్మ అక్షరాలా పాటించింది. దాని కిందే చిన్న అక్షరాల్లో 'దూర ప్రయాణమైతే ముందు రాత్రి నిండా పెట్టు' అని ఉన్నది చూడలేదు. వెళ్ళేటప్పుడు మరిది నడిపాడు. 'వేగం పెరిగితే బ్యాటరీ మంచినీళ్ళలా ఖర్చవుతుంది' అనేది నాలుగో సూచన. అతను దారంతా నూట ఇరవైలో తోలాడు. అది చాలనట్టు, ఆసుపత్రి బయట మూడు గంటలు ఏసీ వేసుకుని నిద్రపోయాడు.

దగ్గరలో ఉన్న చార్జింగు ఒకటే... ఆ బంకులో.

"వద్దమ్మా" అంది కూతురు, గొంతు తగ్గించి.

"ఆగిపోతే నడిరోడ్డు మీద ఉంటాం" అంది టీచరమ్మ.

కారు గచ్చు మీదకి నెమ్మదిగా ఎక్కింది. ఎక్కుతుంటే — ఊఁ... అని సన్నటి మూలుగు.

అత్తగారు తల తిప్పారు. "ఎవరే, ఏడుస్తున్నారు?"

మరిది చెయ్యి టక్కున తలుపు పిడి మీద పడింది.

"మన కారే నానమ్మా" అంది కూతురు. "నెమ్మదిగా పోయేటప్పుడు చప్పుడు చెయ్యదు కదా, నడిచేవాళ్ళకి తెలియాలని అలా కూత పెట్టారు. నాన్న రాశారు, తొమ్మిదోది."

"కూత పెట్టేదేదో కాస్త నవ్వుతున్నట్టు పెట్టొచ్చుగా" అన్నాడు మరిది. ఎవరూ నవ్వలేదు.

టీచరమ్మ దిగి చార్జింగు గొట్టం కారుకి తగిలించింది. స్తంభం లోపలి ఫ్యాను గుర్రుమంది. రేకుల చిల్లుల్లోంచి నీళ్ళు కారు నెత్తిన పడుతున్నాయి... టప్... టప్. పగిలిన గదిలోకి చూడకూడదనుకుంది. చూసింది. ఖాళీ కుర్చీ ఒకటి, గోడవైపు తిరిగి.

పన్నెండు. పద్దెనిమిది. ఇరవై ఆరు.

ముప్ఫై దగ్గర ఫ్యాను ఆగిపోయింది. స్తంభం మీది దీపం ఆరిపోయింది. కరెంటు పోయింది.

అంత నిశ్శబ్దం టీచరమ్మ ఎప్పుడూ వినలేదు. పాత కారైతే ఇంజను మోగుతూ తోడుండేది. ఇది బతికుందో లేదో కూడా తెలియదు.

అప్పుడు... కారు వెనక రేకు మీద... అరచేత్తో కొట్టినట్టు... రెండు దెబ్బలు.

టీచరమ్మ వెనక్కి తిరిగి చూసింది.

"రేకుల మీంచి నీళ్ళేలే వదినా" అన్నాడు మరిది, గొడుగు తీసుకుని కారు దిగుతూ. "చాలు, పోదాం. ముప్ఫై ఉంది. నెమ్మదిగా పోతే ఇంటికి చేరతాం."

టీచరమ్మ గొట్టం లాగింది. రాలేదు.

మరిది గొడుగు మెడకి ఆనించుకుని రెండు చేతులా లాగాడు. కదల్లేదు. అటునుంచి ఎవరో పట్టుకున్నట్టు... బిగుసుకుపోయి ఉంది.

"వదినా... పట్టుకుంది..."

"ఎవరు?"

అతను గొట్టం వదిలేసి వెనక్కి జరిగాడు. చెప్పే పని లేదు.

టీచరమ్మ భర్తకి ఫోన్ చేసింది. ఒక్క మాటే చెప్పింది — "గొట్టం రావట్లేదు."

"లాగకండి! ఏడో సూచన చదవలేదా?" అవతల ఆయన గొంతు చిరాగ్గా, హాయిగా, ఇంటి గొంతులా ఉంది. "కారు తాళం వేసి ఉంటే గొట్టాన్ని అది వదలదు. తాళం తియ్యి, అదే వస్తుంది. రెండుసార్లు నొక్కు."

రెండుసార్లు నొక్కింది.

టక్.

నాలుగు తలుపుల తాళాలూ ఒక్కసారే తెరుచుకున్నాయి. గొట్టం వెన్నలో కత్తిలా జారి వచ్చేసింది.

మరిదికి ప్రాణం లేచొచ్చింది. పడుతూ లేస్తూ కారెక్కి, గొడుగు కాళ్ళ దగ్గర పడేసి, పకపకా నవ్వాడు. "ఏవమ్మా టీచరమ్మా, పిల్లల్ని లెక్కపెట్టవా? ఒకటి, రెండు, మూడు, నాలుగు... ఐదు!"

"నోరు ముయ్యి" అంది టీచరమ్మ.

అతని మాట మీద కోపంతో ఆమె ఆ తర్వాత లెక్కపెట్టలేదు. ఇరవై రెండేళ్ళుగా బడి వ్యాను ఎక్కించిన ప్రతిసారీ పిల్లల తలలు తాకి లెక్కపెట్టిన మనిషి... ఆ ఒక్కసారి లెక్కపెట్టలేదు.

కారు కదిలింది. ఊఁ... అంది. రోడ్డెక్కింది.

టింగ్.

టింగ్. టింగ్. టింగ్.

తెర మీద ఎర్రటి బొమ్మ. వెనక వరస. మధ్య సీటు. మనిషి కూర్చున్నారు, బెల్టు పెట్టుకోలేదు.

అద్దంలో చూసింది టీచరమ్మ. ఇటు కూతురు. అటు కళ్ళు మూసుకున్న అత్తగారు. మధ్య... ఖాళీ.

"బ్యాగేదైనా పెట్టావా?" అంది.

"బ్యాగులన్నీ డిక్కీలో ఉన్నాయి." కూతురు తలుపు వైపుకి ఒదిగిపోతోంది. "అమ్మా... సీటు తడిగా ఉంది."

మరిది వెనక్కి తిరగలేదు. దారి మీదే కళ్ళు పాతేసి, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, బడిలో కూర్చోబెట్టిన పిల్లాడిలా కూర్చున్నాడు.

టింగ్. టింగ్. టింగ్.

ఒకరు ఎక్కితే ఒకరు తగ్గాలి... ఆ మాట టీచరమ్మ తలలో గిర్రున తిరుగుతోంది. ఎవరు? ఆపరేషనైన ముసలావిడా? ముందున్న వీడా? లేక ఆ ఖాళీకి ఆనుకుని కూర్చున్న తన పిల్లా? కారాపి పిల్లని ముందుకి రమ్మందామా... ఆపితే, దిగితే, ఆ దిగడమే తగ్గడమైతే?

ఆపలేదు.

అప్పుడు అత్తగారు మెల్లగా అన్నారు — "అమ్మాయీ, ఈ పక్కావిడకి తువ్వాలు ఇవ్వరాదూ? వణికిపోతోంది."

కూతురి ఊపిరి మాత్రం వినపడుతోంది.

"నానమ్మకి మందు మత్తు" అంది టీచరమ్మ. "ఆ బెల్టు పెట్టెయ్యి. మోత ఆగుతుంది."

"అమ్మా—"

"పెట్టు తల్లీ. నేనున్నాను."

పిల్ల చెయ్యి చాపింది. బెల్టు లాగింది. ఇంకా లాగింది. టప్‌మని పడింది. మోత ఆగింది.

కాసేపటికి వెనకనుంచి గుసగుసగా — "ఖాళీ సీటుకి బెల్టు ఇంత పొడుగు లాగాలామ్మా?"

టీచరమ్మ అరవై దాటకుండా నడిపింది. అది నాలుగో సూచన. అద్దంలోకి చూడలేదు. అది ఏ సూచనలోనూ లేదు.

ఊరు వచ్చింది. దీపాలు వచ్చాయి. బస్సు డిపో ముందు ఎర్ర లైటు పడితే ఆగింది. లోపల ఒక్క క్షణం తడి మట్టి వాసన, చల్లటి గాలి. తెర మీద చిన్న అక్షరాలు మెరిశాయి — వెనక ఎడమ తలుపు తెరిచి ఉంది.

గిరుక్కున తిరిగింది. తలుపు మూసే ఉంది. అత్తగారు నిద్రపోతున్నారు. పచ్చ లైటు పడింది. వెనక ఎవరో హారన్ కొట్టారు. కదిలింది.

ఇంటి గేటు దగ్గర భర్త చంకలో కర్ర, చేతిలో ఫోను పెట్టుకుని నిలబడి ఉన్నారు. దిగీ దిగగానే మరిది అంతా ఏకరువు పెట్టాడు. విని ఆయన పొట్ట పట్టుకుని నవ్వారు.

"సీటు తడిస్తే అలాగే మోగుతుందిరా వెర్రివాడా! బరువుందనుకుంటుంది. తడి గొడుగు సీటు మీద పడేసి ఉంటావు. రేపు పదమూడో సూచన రాస్తాను."

కూతురు కూడా నవ్వింది.

"గొడుగు నా కాళ్ళ దగ్గరే ఉందన్నయ్యా" అన్నాడు మరిది. అతనొక్కడే నవ్వలేదు.

ఆయన వినిపించుకోలేదు. ఫోను వైపు చూస్తున్నారు. కారు కబుర్లన్నీ ఆ ఫోనుకి వస్తాయి. "ఇదేంటి... డిపో దగ్గర ఎవరు దిగారు? ఎనిమిది యాభై రెండుకి వెనక తలుపు తీశారని వచ్చింది?"



కూతురు కారు లోపలికి వంగి చూసింది. వంగినది అలాగే ఉండిపోయింది.

"అమ్మా... మధ్య బెల్టు నేను పెట్టాను కదా. ఎవరు తీశారు?"

అత్తగారు మనవరాలి భుజం పట్టుకుని మెల్లగా దిగుతున్నారు. నిద్ర కళ్ళతోనే విసుక్కున్నారు — "ఆవిడ డిపో దగ్గరే దిగిపోయిందిగా. పాపం, దారంతా ఒక్కరు పలకరించలేదు. ఇంత మంచీ మర్యాదా లేకుండా పోయాయేం మీకు?"

వాన ఆగిపోయింది. మధ్య సీటు మీద తడి మచ్చ అరచెయ్యంత మిగిలి ఉంది. చూస్తుండగానే ఆరిపోతోంది.

టీచరమ్మ కారు తలుపు మూసింది. గేటు వేసింది. అప్పుడు, బడిలో చేసినట్టు, కారులో వచ్చినవాళ్ళ తలలు ఒక్కొక్కటీ తాకుతూ పైకే లెక్కపెట్టింది. అత్తగారు — ఒకటి. మరిది — రెండు. కూతురు... ఆ తల మీద చెయ్యి కాసేపు ఎక్కువే ఉంది... మూడు. తన గుండె మీద చెయ్యి వేసుకుంది. నాలుగు.

తర్వాత చీకట్లో డిపో ఉన్న వైపుకి తిరిగింది.

"ఐదు" అంది. "అందరం చేరాం."