కెప్టెన్ కాల్చిన దెయ్యం

వాగవతలి ఆ ఇంటి మాట పొద్దు గూకాక మా ఊళ్ళో ఎవరూ ఎత్తేవాళ్ళు కాదు. తప్పనిసరైతే ‘అది’ అనేవాళ్ళు... అంతే.

మా ఊరు యావోర్నిక్‌లో మేం ఉన్న ఇళ్ళేవీ మేం కట్టుకున్నవి కావు. గ్రీసులో యుద్ధం ఓడిపోయి, కొండలు దాటి, ఓడలూ రైళ్ళూ ఎక్కి వచ్చినవాళ్ళం. పోలండ్ వాళ్ళ లారీలు మమ్మల్ని ఈ కొండల్లో దింపేసరికి ఊరంతా ఖాళీ. పొయ్యిల్లో బూడిద ఉంది. గోడలకి మేకులున్నాయి, పటాలు లేవు. అంతకుముందు ఇక్కడ బతికినవాళ్ళని సైన్యం ఎటో తోలేసిందట. ఎటు, ఎందుకు అని మేం అడగలేదు. చలి ముంచుకొస్తోంది. తలా ఒక ఇల్లు చూసుకున్నాం.

ఆ ఒక్క ఇల్లూ మిగిలిపోయింది.

ఎందుకంటే, తప్పిపోయిన మేక కోసం వాగు దాటిన లాజోస్‌కి ఆ ఇంటి వెనక బేరి చెట్టు కింద ఓ ఆడగొంతు వినిపించింది. సన్నగా... జోలపాడుతున్నట్టు. మా భాష కాదు. పోలండ్ వాళ్ళ భాషా కాదు. మరుసటేడు ఆకులు రాలే కాలంలో ఇంకొకరికి కిటికీలో దీపం కనిపించింది. ఆ పై ఏడూ అంతే. ఆకులు రాలే రోజుల్లో ఒకటి రెండు రాత్రులు — తర్వాత మళ్ళీ ఏడాది దాకా నిశ్శబ్దం.

ఇదంతా మా ఎవాంథియా అత్త చెప్పింది. మొగుడు యుద్ధంలో పోయాడు. సహకార సంఘం వంటశాలలో ఊరందరికీ రొట్టె కాల్చేది. అబద్ధం చెప్పడం ఆవిడకి చేతకాదని ఊరంతా అనేవాళ్ళు. అది గుర్తుంచుకోండి.

ఇక స్తెర్యోస్. ఆ సంఘానికి అధ్యక్షుడు. కెప్టెన్ స్తెర్యోస్ అనాలి... ఆ కెప్టెన్ తనకు తాను తగిలించుకున్నదే. యుద్ధంలో అతను తోలింది కంచరగాడిదల్ని. అదీ సరిగ్గా తోల్లేదనీ, తుపాకులు మోస్తున్న గాడిదని లోయలోకి వదిలేశాడనీ లాజోస్ అనేవాడు. కానీ మీసం ఉంది, గొంతు ఉంది, ఏ సభ జరిగినా ముందు బెంచీ మీద కూర్చునే అలవాటుంది. అలాంటివాణ్ణి అధ్యక్షుడు కాకుండా ఎవరాపగలరు?

ఓ ఏడు ఆకులు రాలుతుండగా సభలో లేచి నిలబడ్డాడు.

“వాగవతలి ఇల్లు విప్పేద్దాం. దూలాలు గట్టివి. దూడలకి పాక వేసుకోవచ్చు. చెట్టు కొట్టేసి బండిదారి తీద్దాం.”

ఎవరూ తలెత్తలేదు.

“ఎవరు విప్పుతారు?” అన్నాడు లాజోస్.

“నువ్వే. రేప్పొద్దున గొడ్డలి తీసుకుని రా.”

“నేను రాను.”

“సిగ్గు లేదట్రా? ఇంత యుద్ధం చేసొచ్చి దెయ్యాలేమిటి? నేను శవాల మధ్య పడుకుని నిద్రపోయినవాణ్ణి.”

“గాడిదల మధ్య,” అన్నారెవరో వెనకనించి.

చారు గిన్నె బల్ల మీద పెడుతూ ఎవాంథియా అత్త నెమ్మదిగా అంది. “అయితే ఈ రాత్రి అక్కడే పడుకో, కెప్టెనూ. తెల్లారి నువ్వు నవ్వుతూ బయటికొస్తే గొడ్డళ్ళు పట్టుకుని వీళ్ళే వస్తారు.”

అందరూ అతని వైపు చూశారు. మీసం కదిలింది. “పడుకుంటాను... దానికేం,” అన్నాడు. గొంతు మాత్రం ఓ మెట్టు దిగింది.

సంఘం తుపాకి, లాంతరు, ఓ సీసా వోద్కా తీసుకుని వాగు దాటాడు. వంతెన మీద ఆగి వెనక్కి చూశాడట. ఎవరైనా ‘పోనీలే, వచ్చెయ్’ అంటారేమోనని. ఎవరూ అనలేదు.

రాత్రి గడిచింది. కోడి ఇంకా కూయలేదు. వంటశాలలో అత్త ఒక్కతే పిండి పిసుకుతోంది. కిటికీలోంచి చూస్తే వాగవతల చిన్న వెలుగు... కెప్టెన్ లాంతరు.

ఆ వెలుగు ఉన్నట్టుండి పెద్దదైంది.

కిటికీ అంతా ఎర్రబడింది. మంట. అత్త చేతులు పిండిలోనే ఆగిపోయాయి. అరుద్దామని నోరు తెరిచేలోపు... ఆ మంట ఆరిపోయింది. దానంతటదే. ఎవరో గుప్పిట్లో నలిపేసినట్టు.

తర్వాత చీకటి. కాసేపటికి వంతెన మీద పరుగు చప్పుడు — దభీమని తలుపు.

స్తెర్యోస్. కాళ్ళకి బూట్లు లేవు. పంట్లాం ముందు భాగమంతా తడి. ఆ తడి వాగుదేనని తర్వాత చెప్పుకున్నాడు. వాగు మీద వంతెన ఉంది మరి.

“వదినా... తలుపు మూసెయ్...”

“ఏమైంది?”

“చూశాను. ఇంత ఎత్తు... తెల్లగా... చేతుల్లోంచి నిప్పు...” పళ్ళు టకటకలాడుతున్నాయి. “నా మీదికి వంగింది. పేల్చాను. రెండు గొట్టాలూ పేల్చాను. గుళ్ళు దానిలోంచి దూరిపోయాయి, వదినా.”

అత్త రాత్రంతా మెలకువగానే ఉంది... తుపాకి చప్పుడేదీ వినలేదు.

“లాంతరేది?” అంది.

“లాంతరా? ప్రాణం పోయేలా ఉంటే లాంతరంటావేంటి?”

ఆ ఇంటి పక్కనే సంఘం గడ్డివాము. లోపల నిప్పు రాజుకుంటే దూడలకి ఆ శీతకాలం మేత లేనట్టే. అత్త బకెట్టు నిండా నీళ్ళు తీసుకుంది. “రా,” అంది. కెప్టెన్ పొయ్యి వెనక బల్లకింద దూరి ముడుచుకున్నాడు. పిండి చేతులతోనే ఆవిడ ఒక్కతే బయల్దేరింది.

వంతెన దాటింది. గడ్డి కాలిన వాసన. గుమ్మం తీసే ఉంది.

లోపల ఎవరో మూలుగుతున్నారు... చాలా మెల్లగా.

అత్త కాళ్ళు గుమ్మం దగ్గరే ఆగిపోయాయి. వెనక్కి తిరిగితే పరిగెడతానని ఆవిడకి తెలుసు. అందుకని తిరగలేదు. కళ్ళు చీకటికి అలవాటు పడేదాకా నిలబడింది.

గోడ దగ్గర తెల్లటి తలగుడ్డ. దాని కింద ముఖం. ఆ ముఖం ఇటు తిరిగింది.

అత్త చెయ్యి దానంతటదే లేచి శిలువ గుర్తు వేసుకుంది. నుదురు, గుండె, కుడి భుజం, ఎడమ భుజం.

ఎదుటి ఆకారం కూడా వేసుకుంది. నుదురు, గుండె, కుడి భుజం... ఎడమ భుజం. మేం వేసుకున్నట్టే. ఆ చుట్టుపక్కల పోలండ్ వాళ్ళు ముందు ఎడమ భుజం ముట్టుకుంటారు.

“ఎవరు నువ్వు?” అత్త గుసగుసగా అడిగింది, వచ్చీరాని పోలిష్‌లో.

“పరాస్కా,” అంది ఆ ముసలావిడ. అదే భాషలో, అంతే వచ్చీరాకుండా. “ఇది నా ఇల్లు. అరవకు తల్లీ... పొద్దున్నే వెళ్ళిపోతాను.”

సైన్యం ఆమెని దేశానికి ఆ చివర పడేసిందట. తిరిగి రావడం నేరం. పట్టుకుంటే జైలు. అయినా ఏటా రైళ్ళు మారి, అడవిలో నడిచి వస్తుంది. యుద్ధం రోజుల్లో శ్మశానం దాకా మోసుకెళ్ళే వీల్లేక, పోయిన పిల్లని బేరి చెట్టు కిందే పూడ్చుకుంది. ఆ పిల్ల పోయిన రోజుకి వస్తుంది. కాసేపు పాడుతుంది. పోతుంది.

“మరి ఆ మంట?”

“మీవాడు తాగి పడుకున్నాడు. కాలు తగిలి లాంతరు పక్కగా పరుచుకున్న గడ్డిలో పడింది. నిప్పు, లేవయ్యా, నిప్పు అని లేపాను. నా ముఖం చూసి కేకేసి పారిపోయాడు. నా దుప్పటీతో కొట్టి ఆర్పాను.”

చేతులు చాపి చూపించింది. రెండు అరచేతులూ కాలి, చర్మం లేచిపోయి ఉన్నాయి.

అత్త ఆ చేతుల్ని బకెట్టులో ముంచి పట్టుకుని చాలాసేపు కూర్చుంది. తన తలగుడ్డ చింపి కట్లు కట్టింది. ఇంటిని విప్పడం, చెట్టు కొట్టడం, బండిదారి... అవన్నీ చెప్పాలని నోటిదాకా వచ్చింది. చెప్పలేకపోయింది.

నేల మీద తుపాకి పడి ఉంది. మడత విప్పి చూసింది. రెండు తూటాలూ గొట్టాల్లో భద్రంగా ఉన్నాయి.

పరాస్కా అడవిలోకి మళ్ళాక అత్త వంతెన ఎక్కింది. ఊరు నిద్రలేచింది. వంటశాల ముందు కెప్టెన్ చుట్టూ గుంపు. అప్పుడే దెయ్యం ఇంటి కప్పంత ఎత్తు పెరిగింది. తుపాకి మోత తామూ విన్నామని అంటున్నవాళ్ళు కూడా తయారయ్యారు.

వంతెన మధ్యలో అత్త ఆగింది. తుపాకి విప్పి చూపిస్తే చాలు. ఆ గొంతు, ఆ మీసం, ఆ ముందు బెంచీ... ఈ పూటతో సరి. ఆవిడకెంత ఆశగా ఉండి ఉంటుందో మీరే ఊహించుకోండి. కానీ అక్కడ ఉన్నది దెయ్యం కాదంటే మరెవరు అంటారు. పట్నం నించి పోలీసులు వస్తారు. కట్లు కట్టిన చేతులతో అడవిలో నడిచే ముసలిది ఎంత దూరం పోగలదు?

రెండు తూటాలూ తీసి వాగులో వేసింది.

“ఏం చూశావు, ఎవాంథియా?” లాజోస్ అడిగాడు.

“కెప్టెన్ చెప్పింది నిజమే,” అంది అత్త. తుపాకి అతనికిచ్చింది. “ఖాళీ గొట్టాలు. మీరే చూసుకోండి. ఆ ఇంటి జోలికి, ఆ చెట్టు జోలికి పోకండి.”

అబద్ధం చేతకాని మనిషి నోట వచ్చిన మాట. గుంపంతా శిలువ గుర్తు వేసుకుంది.

స్తెర్యోస్ ఖాళీ గొట్టాల వంక చూశాడు. తను పేల్చలేదని అతనికి తెలుసు. మనుషులందరూ కదిలాక పొయ్యి దగ్గరికొచ్చి, చుట్టూ చూసి, గుసగుసగా అడిగాడు.

“వదినా... నిజంగా పేలాయంటావా?”

అత్త అతని ముఖంలోకి చూసింది. సిగ్గుపడతాడేమో, ఒక్క ముక్క నిజం ఒప్పుకుంటాడేమోనని ఒక్క క్షణం ఆగింది. అతని కళ్ళలో సిగ్గు లేదు. ఆశ ఉంది.

“పేలకపోవడమేంటి, కెప్టెనూ? గోడ మీద నెత్తురు కూడా చూశాను,” అంది.

ఆ సాయంత్రం సంఘం దుకాణం ముందు నిలబడి, మీసం మెలేస్తూ, ఆ నెత్తురు ఏ రంగులో ఉందో స్తెర్యోస్ ఊరందరికీ చెబుతున్నాడు.