కనబడనంత దూరం

పదకొండు గంటలకు వేసుకోవాల్సిన కంటిచారు మందు రెండు కళ్ళలోనూ చుక్క చుక్క వేసుకుని, నూకరత్నం పద్నాలుగో అంతస్తు డాబా మీద బట్టలారేస్తోంది. పదిహేను కిలోమీటర్ల అవతల, సముద్రంలో, ఆమె మొగుడు ఎల్లాజీ మూతి ముడుచుకుని తెడ్లు వేస్తున్నాడు. మూడు రోజుల గడ్డం కూడా కనబడుతోంది.

ఉల్లిపొట్టు, నేరేడు తొక్కల్లోని ఫ్లేవనాయిడ్లతో తీసిన మందు అది. ముసలివాళ్ళ కంటిపొర కణాలు చావకుండా కాపాడితే చాలనుకున్నారు. కణాలు బతికి ఊరుకోలేదు, రెచ్చిపోయాయి. ఇప్పుడు విశాఖలో పప్పు మాడితే భీమిలి వాళ్ళు పొయ్యి కట్టమని చేతులూపుతున్నారు. దుర్భిణీల కొట్టాయన ఆవకాయ అమ్ముకుంటున్నాడు. పెదవుల కదలిక చదవడం ఒకటో తరగతి పాఠం.

గొడవ కూడా చూపు వల్లే. తను వండిన చేపల పులుసు ఆమె పిల్లికి వేయడం నిన్న ఎల్లాజీ నడిసముద్రం నుంచి చూశాడు. రాత్రి ఇంటికి రాగానే నిలదీశాడు.

"నానొండిన పులుసు పిల్లికేస్తావేటే?"

"అక్కడ్నించి కాపలా కాస్తన్నావా? నా కంటికి కనబడకు, ఫో!"

పాతకాలంలో ఈ మాటకు మగాడు టీకొట్టు దాకా పోయి, ఆకలేసి తిరిగొచ్చేవాడు. ఎల్లాజీ మాట మీద నిలబడే మనిషి. ఫోను గూట్లో పెట్టేసి, తెల్లవారగానే పడవెక్కాడు. తెడ్లు వేసేవాడి ముఖం ఒడ్డుకే ఉంటుంది, వీపు సముద్రానికి.

"ఇంకా కనబడతన్నానేటే?" అన్నాయి అతని పెదవులు.

ఆమె బిగువుగా మొహం తిప్పుకుంది. ఓరగా చూసింది. "కనబడ్డం లేదు. ఒచ్చీ మావా," అంది.

"కనబడకపోతే జవాబెలా సెప్పినావే?"

ఎల్లాజీ పగలబడి నవ్వి, మరో వంద తెడ్లు వేశాడు.

అప్పుడు లేచింది, అతని వీపు వెనక, గోడలాంటి కెరటం.

నూకరత్నం చేతిలోని తడి చొక్కా జారిపోయింది. "ఎనక! మావా, ఎనక సూడు!"

"నాటకాలాడకే," అన్నాయి పెదవులు, నవ్వుతూనే.

గోడ కూలింది. ఒక తెడ్డు పైకి తేలింది.

డాబాలన్నిటి మీదా జనం బిగుసుకుపోయారు. ఎనిమిది లక్షల మంది చూశారు. గొంతులు మాత్రం అందరికీ పాతవే, వీధి చివర దాకా వినబడేవి. చేతులు పాతవే.

నేల మీద ఉన్నవాళ్ళకు సముద్రపు వంపు అడ్డం. రేవులోంచి రక్షణ పడవవాళ్ళు ఆమె వైపు తలెత్తి అడిగారు.

"ఏ పక్కనమ్మా?"

నూకరత్నం వేలు పెట్టి చూపించింది.

పడవ వెళ్ళింది, ఉత్తదే వచ్చింది, మళ్ళీ వెళ్ళింది. ఆమె ఆ వేలు ఇంకా దించలేదు.