నూకరత్నం, ఆగి ఆగి నడిచే మోటారు

రేవులంక రాజ్యంలో ఇరవై రోజులుగా ఎవరికీ కునుకు లేదు. రాజుగారికి లేదు, రాణిగారికి లేదు, కోట గుమ్మంలో కుక్కకు కూడా లేదు. మడ అడవికి అవతల, పెద్దమడుగు నడుమ దిబ్బ మీద ఉండే జాగరాసురుడు అనే రాక్షసుడు ఊరందరి నిద్రనూ ఒక కుండలోకి ఊడ్చుకుపోయాడు. ఇరవై ఒకటో రోజు పొద్దు గుంకేలోగా కుండ మూత తెరవకపోతే నిద్ర ఇక ఎన్నటికీ తిరిగిరాదు. ఈ కథ చెబుతుంటే నాకే ఆవలింతలు వస్తున్నాయి. పిల్లలూ, మీరు మాత్రం కాస్త ఓపిక పట్టండి.

రేవులో పడవ నడిపే గంగులమ్మకు ఇద్దరు పిల్లలు. పెద్దది పద్నాలుగేళ్ల నూకరత్నం. రెండోవాడు ఏడు నెలల పసివాడు. పెద్దవాళ్లు ఎలాగో ఓర్చుకుంటున్నారు గానీ, పసివాడికి ఏడ్చే శక్తి కూడా పోయింది. పాలు పట్టినా మింగడం లేదు. "రేపు కూడా నిద్రపోకపోతే దక్కడమ్మా" అని రాజవైద్యుడు తల వంచుకుని వెళ్లిపోయాడు.

మడుగు మీద గాలిని రాక్షసుడు కట్టేశాడు కాబట్టి తెరచాప పనికిరాదు. తెడ్లు వేద్దామంటే నిద్రలేని చేతుల్లో బలం లేదు. మిగిలింది మోటారు పడవ ఒక్కటే. రాజుల కాలంలో మోటారు ఎక్కడిదని అడగకండి. ఎవరో మునీశ్వరుడు ఇచ్చాడట, పడవ వెనక తగిలించి ఉంది, కిరసనాయిలు తాగుతుంది, అంతే. కానీ దానికీ ఏదో పట్టింది. ఇద్దరు సేనాపతులు దాని మీద వెళ్లి, అది ఆగి ఆగి నడుస్తుంటే భయపడి సగం దారి నుంచే తిరిగివచ్చారు. దిష్టి తగిలిందని రాజుగారు వారం వారం చేసే పూజను రోజూ చేయించారు. మొదటి నుంచీ ప్రతి పూజకూ రేవు ఆడవాళ్లు కిరసనాయిలు డబ్బాకు, దాని మూతకు, మందంగా పసుపు పూసి బొట్లు పెట్టేవారు. అందరికన్నా భక్తిగా పూసేది నూకరత్నమే.

ఇరవై ఒకటో రోజు ఉదయం ఆమె చద్దిమూట తీసుకుని పడవ ఎక్కింది.

"అమ్మా, తమ్ముణ్ని ఒళ్లోంచి దించకు. పొద్దు గుంకేలోగా నిద్ర అట్టుకొస్తాను."

"నీకేటైనా అయితే నానేటైపోవాలే?" అంది తల్లి. ఆ ఒక్క మాట అనడానికి ఆమె రెండుసార్లు ఆగి ఊపిరి తీసుకుంది.

మడ అడవి మొదట్లోనే మోటారు దగ్గి ఆగిపోయింది. ఒడ్డున చెట్టు వేళ్ల మీద ఒక ముని ఎర్రబడిన కళ్లతో జపం చేసుకుంటున్నాడు.

"సామీ, మోటారు ఆగిపోనాది. ఏటి సెయ్యాలి?"

"నూనెలో నీళ్లు కలిసి ఉంటాయి తల్లీ. డబ్బా మూత తీసి చూపించు."

మూత తిప్పగానే ఉస్సుమని చప్పుడైంది. చూస్తే నూనె శుభ్రంగానే ఉంది. ముని ఏదో మంత్రం చదివి మోటారు మీద విభూతి చల్లాడు. నూకరత్నం మూత బిగించి, డబ్బా నుంచి మోటారుకు వెళ్లే గొట్టం మధ్యనున్న రబ్బరు బుడ్డను నొక్కి నూనె ఎక్కించి, తాడు లాగింది. మోటారు కదిలింది. "చూశావా నా మహిమ!" అన్నాడు ముని ఆవలిస్తూ.

ఆ మహిమ అరక్రోసు వరకే పనిచేసింది. మళ్లీ ఆగినచోట ఒక ముసలి మొసలి తల ఎత్తింది.

"కారణం నాకు తెలుసు పిల్లా. ఊరికే చెప్పనా? నీ చద్దిమూట ఇలా పడెయ్."

నూకరత్నం పొద్దుటి నుంచి ఏమీ తినలేదు. అయినా మూట విసిరింది.

"నూనె ఉందో లేదో చూసుకో. గొట్టం మెలిపడింది, అదీ సరిచెయ్యి" అంది మొసలి నమలుతూ.

ఆమె మూత తీసి నూనె చూసుకుంది, మూత పెట్టి గొట్టం సరిచేసింది. మోటారు నడిచింది. మడుగు నడుమకు వచ్చాక మళ్లీ ఆగింది.

ఈసారి అడగడానికి ఎవరూ లేరు. పొద్దు పడమటికి వాలింది. అరచేతులు బొబ్బలెక్కేదాకా తాడు లాగి, ఆమె పడవలో కూలబడి ఏడ్చింది. మంత్రం చదవడానికి ఓపిక లేదు, గొట్టం ముట్టుకోవడానికీ ఓపిక లేదు. ఊరికే మూత తీసి నూనె చూసి, మళ్లీ పెట్టి, తాడు లాగింది. మోటారు బ్రహ్మాండంగా అందుకుంది!

"ఇప్పుడు నానేటి సేశాను? మూత తీసి ఎట్టాను, అంతే కదా!"

మూతను కళ్ల దగ్గర పెట్టుకుని చూసింది. చెవికమ్మ కాడతో పసుపు పెచ్చులు గీకితే, ఆవగింజంత రంధ్రం బయటపడింది. నూనె బయటికి పోతున్నకొద్దీ ఆ రంధ్రంలోంచి గాలి లోపలికి పోవాలి. గాలి పోయే దారి మూసుకుపోతే డబ్బా నూనెను వదలదు. మూత తీసిన ప్రతిసారీ ఉస్సుమంటూ లోపలికి వెళ్లింది ఆ గాలే. తన చేత్తో పూసిన పసుపే ఇంత పని చేసిందని తెలిసి ఆమెకు సిగ్గేసింది. రంధ్రాన్ని నున్నగా తుడిచింది. ఇక పడవ ఎక్కడా ఆగలేదు.

దిబ్బ మీద జాగరాసురుడు కుండను కావలించుకుని కూర్చున్నాడు. వాడి కళ్ల కింద బుట్టలంత వాపులు.

"దగ్గరికొస్తే నమిలేస్తా!" అని అరిచాడు గానీ, లేవలేకపోయాడు.

"రాచ్చసుడు బాబూ, ఇంత నిద్ర అట్టుకొచ్చి నువ్వూ పడుకోలేదేటి?"

"పడుకుంటే ఎవరైనా ఎత్తుకుపోరూ? అందుకే కాపలా కాస్తున్నా. ఇరవై రోజులైంది" అన్నాడు వాడు ఏడుపు గొంతుతో.

నూకరత్నానికి కోపం రావాల్సింది పోయి జాలి వేసింది. "నీ వంతు నువ్వు తీసుకో. నాను కాపలా ఉంటాను. మిగిలింది మాత్రం మా ఊరికి ఒగ్గెయ్యాలి. మా తమ్ముడు సచ్చిపోతన్నాడు బాబూ."

వాదించే ఓపిక రాక్షసుడికి లేదు. మూత తీసి దోసెడు తాగి, అక్కడికక్కడే గుర్రు పెట్టాడు. మిగిలిన నిద్ర తెల్లని పొగలా లేచి, రేవులంక వైపు సాగిపోయింది. కాపలా కాయడానికి కుండలో ఇక చుక్క కూడా మిగల్లేదు. నూకరత్నం పమిటచెంగు ముక్కుకు గట్టిగా కట్టుకుంది. ఆమె ఒక్కతే ఇంకా పడవ నడపాలి.

ఎండ పూర్తిగా తగ్గకముందే ఆమె రేవు చేరింది. ఎదురుకోలుకు వచ్చిన రాజుగారు పూలదండ పట్టుకునే మెట్ల మీద నిద్రపోతున్నారు. భటులు, పురోహితులు, కుక్క, ఎవరూ లేచి లేరు. నెగ్గుకొచ్చానని చెప్పుకోవడానికి ఒక్క మనిషి లేడే అని ఆమెకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. మేల్కొన్నాక రాజుగారు ఆమెను రాజ్యంలోని రేవులన్నిటికీ అధికారిణిని చేశారు. పెద్దయ్యాక ఆమె రేవులంకను ఏలింది కూడా. అవన్నీ తర్వాతి సంగతులు.

ఆ పూట ఆమె ఇంటికి పరుగెత్తింది. పసివాడు తల్లి పక్కన నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. చిన్న పొట్ట పైకీ కిందికీ ఆడుతోంది. నూకరత్నం ముక్కుకున్న చెంగు విప్పి, చాప అంచున ఒరిగింది. గంగులమ్మ కళ్లు తెరవకుండానే కొంచెం జరిగి, కూతురికి చోటిచ్చింది.