తెల్లబారే దారం

సాయంత్రం నాలుగింటికి పన్నెండు మంది పారాట్రూపర్లు విమానంలోంచి దూకాలి. వాళ్ల ప్రాణాలు సిరిసిల్లలో నేసిన పారాచ్యూట్ పట్టీల మీద ఉన్నాయి. మూడు నెలల కింద ట్రయల్ జంప్‌లో అలాంటి పట్టీ తెగే ఏజెంట్ ముజాహిద్ చచ్చిపోయాడు.

"చనిపోయే ముందురోజు ముజాహిద్ రాయికల్‌ల ఉన్నడు. ఎవరిని కలిసిండో కనుక్కో." చీఫ్ దివాకర్ బ్రీఫింగ్ అంతే.

ఏజెంట్ యాసర్‌ది కోరుట్ల. బీడీ దారం అమ్మే సేటు వేషం ఇట్టే కుదిరింది. కాని జగిత్యాల దాటినప్పటి నుంచి బైక్ వెనక సీటు మీద ముజాహిద్ కూర్చున్నట్టే ఉంది. చచ్చినవాడికి బరువుండదంటారు, ఒట్టి మాట.

సంగతేమిటంటే, ఆ పట్టీ నూలులో నైలాన్, పాలిప్రొపిలీన్ కలుస్తాయి. కలుస్తాయన్నది పేరుకే. నూనె, నీళ్ల సంసారం వాటిది. రెండూ తాకేచోట ఇంటర్‌ఫేషియల్ టెన్షన్ అనే బిగువు ఎక్కువై, ఒకటి రెండోదాంట్లో లావు బొట్లుగా విడిపోతుంది. కంపాటిబిలైజర్ అనే మూడో సరుకు పడితే ఆ టెన్షన్ దిగి, బొట్లు సన్నబడి, రెండూ గట్టిగా పట్టుకుంటాయి. విదేశీ ముఠా ఆ మూడో సరుకునే మార్చేస్తోందని అనుమానం. అయినా మిల్లు ల్యాబ్‌లో నాహీద్ ఉందిగా! ముఠాలో చేరి మనకు కబుర్లు చేరవేసే మన మనిషి, చూపు తిప్పుకోనివ్వని అందగత్తె. ఆమె పొద్దున్నే మైక్రోస్కోప్ ఫోటో పంపింది. సన్నటి బొట్లు. లాట్ ఓకే.

రాయికల్‌లో లచ్చవ్వ సిరిసిల్ల మిల్లు వేస్ట్ నూలుతోనే బీడీలు కడుతుంది. ఈ లాట్ నుంచే నిన్న వచ్చిన కండెను చూపించి తిట్టిపోసింది.

"మెల్లగ గుంజితే తెగది సేటూ. ముడి పడాలంటే జప్పున గుంజాలె గదా, గప్పుడు తెల్లగయి పుటుక్కుమంటది."

యాసర్ దారం అందుకుని ఒక్క కుదుపుతో లాగాడు, తెల్లబారి తెగింది. ల్యాబ్‌లో పట్టీని మెల్లగానే లాగి చూస్తారు. పారాచ్యూట్ విచ్చుకునేది ఒక్క కుదుపుతో. లావు బొట్లున్న నూలు ఆ కుదుపుకు లోపల విడిపోయి తెల్లబారుతుంది. అంటే నాహీద్ పంపిన ఫోటో దొంగది.

"గిదే ముచ్చట మూడు నెలల కింద ఇంకో సేటుకు సుత చెప్పిన," అంది లచ్చవ్వ. "ఫోన్ల ఎవలికో చెప్పిండు. గాయన నవ్విండట."

ఆ నవ్వినవాడు యాసరే, ఆ ఫోన్ సంగతి చీఫ్ దగ్గర కూడా దాచాడు. ల్యాబ్ ఉండగా బీడీలు చుట్టేవాళ్ల మాట పట్టుకుంటావా అని వెక్కిరించాడు. నువ్వు చెప్తే సరే అని ముజాహిద్ వెళ్లి దూకాడు.

మూడు యాభై ఎనిమిది. యాసర్ చీఫ్‌కి ఫోన్ చేసి, జంప్ ఆపమనే కోడ్‌వర్డ్ చెప్పాడు. "వాన అచ్చేటట్టున్నది, వడ్లు ఎత్తుండ్రి."

ఆర్డర్ చేరేసరికి విమానం తలుపు తెరిచి ఉంది, మొదటివాడి కాలు అంచు మీద ఉంది. అతన్ని వెనక్కి లాగారు. పన్నెండు మందీ విమానంతోపాటే బతికి దిగారు.

నాహీద్ ల్యాబ్‌లోనే దొరికింది. బేడీలు వేస్తుంటే యాసర్ వైపు చూసి చల్లగా అంది: "ఫోటో ఇచ్చింది నేనే. నమ్మింది నువ్వు."

 

ఫైనల్ రిపోర్ట్‌లో లోపం కనిపెట్టిన నిపుణుల పేరు, అర్హత రాయాలి. 'లచ్చవ్వ, బీడీలు చుట్టును' అని రాశాడు. అర్హత చాలదని హెడ్డాఫీసు మూడుసార్లు ఫైలు తిప్పి పంపింది. మూడుసార్లూ అతను అదే రాశాడు.