పుస్తకంలో లేని చలికాలం

రాప్తాడులో పొద్దెక్కినా చలిగాలి తగ్గలేదు. పద్మప్రియ వంటింట్లో ఉగ్గానికి బొరుగులు నానబెడుతుంటే, పక్కగదిలో తల్లి సంచి సర్దుకుంటున్న చప్పుడు వినిపించింది. ఒళ్లు మండి లేచి వెళ్లింది.

హేమావతి రచయిత్రి. భర్త పోయాక కూతురింట్లోనే ఉంటోంది గానీ, ఏటా ఉత్తరాదికి, స్పితి లోయకు వెళ్లి నెలల తరబడి మంచుకొండల్లో గడిపి వస్తుంది. వచ్చి పుస్తకం రాస్తుంది. జనం మెచ్చుకుంటారు. పద్మప్రియ మాత్రం ఆ పుస్తకాలను అటక మీద పడేస్తుంది.

“మళ్లీ పోతాండావా?”

“మధ్యాన్నం బండికి. నీకు చెప్పినా కదా.”

“చెప్పినావు. అడగలేదు.”

హేమావతి ఉన్ని టోపీ మడుస్తూ తలెత్తలేదు. “పుట్టినప్పటి నుంచి వాన కోసం ఆకాశం చూసి చూసి విసుగొచ్చింది పద్మా. ఆడికి పోతేనే నాకు ఊపిరాడతాది. నీకది అర్థం కాదులే.”

పద్మప్రియ మంచం మీది సంచిని లాగి నేలమీద దిమ్మరించింది. ఉన్ని బట్టలు గదంతా చెదిరాయి.

“నాకెందుకు అర్థమైతాది? పిల్లను కాపాడుకున్న మంచుచిరుత గురించి రాసినావే, చదివినోళ్లంతా ఏడ్చినారంట. ఆ చలికాలమే నేను ఆసుపత్రిలో నొప్పులు పడతా నీకు ఫోన్ చేస్తాంటి. కలవనే లేదు. నా బిడ్డ చచ్చి పుట్టె. నువ్వు నెల అయినాక వస్తివి. వచ్చి తలుపేసుకుని ఆ చిరుత కథ రాసుకుంటివి.”

“మంచుకు దారులు మూసేసినారు. నేనేం జేయను?”

“దారి తెరిచినాక? ఈ మూడేండ్లలో ఒక్కనాడన్నా నా బిడ్డ మాట ఎత్తినావా?”

“నీకు జ్ఞాపకం చేయకూడదని...” హేమావతి సగంలోనే ఆగిపోయింది. ఆ మాట ఆమెకే నచ్చినట్టు లేదు. “కాదు. భయమైంది. నీ మొగం చూడలేక మళ్లీ ఆడికే పోతి.”

“అయితే పో. ఇంగ రావద్దు.”

పద్మప్రియ విసురుగా గుమ్మం వైపు తిరిగింది. వెనక హేమావతి చెదిరిన బట్టల మధ్య కూలబడింది.

“పాప ఎట్లుండె పద్మా?”

మూడేళ్లలో ఎవరూ అడగని మాట. మొగుడు ఓబులేష్ కూడా అడగలేదు. పద్మప్రియ కోపం పోలేదు. ఆ కోపంలోనే గుమ్మం దగ్గర ఆగి వెనక్కి తిరిగింది.

“తలనిండా వెంట్రుకలుండె. ముక్కు నీదే. ఒక్కసారి చేతికిచ్చినారు, అంతే.”

హేమావతి కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చింది. పద్మప్రియ ఓదార్చలేదు. తల్లి ఎదురుగా కూర్చుని, ఆ బిడ్డ గురించి ఇంకా చెబుతూనే ఉండిపోయింది.