రెండు పిన్‌కోడ్ల మధ్య సందు

మా ఆఫీసులో నా పని గీతలు గీయడం. ఊళ్ళో ఎవరికి గుండెనొప్పి వచ్చినా, ఎవరు మెట్ల మీంచి జారిపడినా ఫోను మా అంబులెన్స్ సర్వీసుకే వస్తుంది. పిన్‌కోడ్ చూసి ఆ ప్రాంతపు స్టేషన్ నుంచి బండి పంపిస్తారు. చిక్కల్లా సరిహద్దుల దగ్గరే. ఆమధ్య ఒక పెద్దాయనకి ఊపిరాడకపోతే, ఆ వీధి మాది కాదంటే మాది కాదని రెండు స్టేషన్లూ వాదించుకున్నాయి. బండి వెళ్ళేసరికి ఆయన పోయాడు. మర్నాడే మేనేజరు నా బల్ల దగ్గరికి వచ్చి, "నగరం మొత్తానికి పిన్‌కోడ్ హద్దుల మ్యాపు కావాలి. ఒక్క తప్పు ఉండకూడదు," అన్నాడు. ఆయనకి కోపం ముక్కు మీదే ఉంటుంది. నోరు మూసుకుని సరేనన్నాను.

సరేననడం తేలికే. దొరకాలి కదా! నెట్‌లో ఉన్న మ్యాపులకి ఒకదానికీ ఒకదానికీ పొంతన లేదు. పోస్టాఫీసుకి వెళ్తే అక్కడి ఆఫీసరు నవ్వాడు.

"హద్దుల మ్యాపా? అలాంటిది మా దగ్గర లేదమ్మా. పిన్‌కోడ్ అంటే స్థలం కాదు. మా పోస్ట్‌మ్యాన్లు తిరిగే మేర, అంతే."

చివరికి ఇంటింటి చిరునామాలూ తెప్పించి, ఒక్కో పిన్‌కోడ్‌కి ఒక్కో రంగు చుక్క పెట్టి, రంగు మారిన చోటల్లా గీత లాగాను. తల ప్రాణం తోకకొచ్చింది.

మా తమ్ముడు మా సర్వీసులోనే అంబులెన్స్ డ్రైవరు. టీ కప్పు పట్టుకుని నా కుర్చీ వెనక నిలబడి వెక్కిరించేవాడు.

"చిన్నప్పుడు గీత గీస్తే వంకర పోయేది. నీకు ఊరంతా అప్పగించారా అక్కా?"

"నువ్వు దారి తప్పకూడదనే గీస్తున్నాన్రా. పో, బండి కడుక్కో."

నాన్న పోయాక ఇంట్లో మిగిలింది అమ్మా, నేనూ, వాడూ. వాడంటే నాకు ప్రాణం. వాడి ఎదురుగా ఎప్పుడూ అనలేదు గానీ, అది నిజం.

మ్యాపు అయిపోయిందనుకుంటుండగా, రెండు ప్రాంతాలు కలిసే చోట ఒక సందు కనిపించింది. మా పనిలో ఇది మామూలే. పక్కపక్క గీతలు సరిగ్గా అతక్కపోతే మధ్యలో వెంట్రుకంత ఖాళీ ఉండిపోతుంది. కలిపెయ్యమంటే కంప్యూటరే దాన్ని పెద్ద ప్రాంతంలో కలిపేస్తుంది. కలిపాను. మర్నాడు చూస్తే తెరుచుకుని ఉంది. మళ్ళీ కలిపాను. మళ్ళీ తెరుచుకుంది. ఈసారి ఒక వీధి పట్టేంత వెడల్పుగా. తమ్ముడికి చెబితే వారం రోజులు ఏడిపిస్తాడని ఎవరికీ చెప్పలేదు.

విసుగొచ్చి, ఒక మధ్యాహ్నం స్వయంగా వెళ్ళాను. అక్కడ వీధీ లేదు, సందూ లేదు. ఒకటే గోడ. ఇవతల ఇళ్ళ పెరళ్ళు, అవతల ఒక గోదాము. వానలు పడి ఎన్నాళ్ళో అయింది. అయినా ఆ గోడ దగ్గర తడిసిన సున్నం వాసన గుప్పుమంది. ఎందుకో చెవి ఆనించాను. లోపల ఎవరో గిన్నెలు తోముతున్నారు. చుట్టూ తిరిగి అవతలికి వెళ్ళాను. గోదాముకి తాళం ఉంది. కిటికీలోంచి చూస్తే బస్తాలు తప్ప ఏమీ లేవు.

వెనక్కి వచ్చి మళ్ళీ చెవి పెట్టాను. గిన్నెల చప్పుడు ఆగిపోయింది. గోడకి అటువైపు, సరిగ్గా నా చెవి దగ్గర, ఒక ఆడగొంతు మెల్లగా అడిగింది.

"వచ్చారా?"

ఆఫీసుకి ఎలా వచ్చిపడ్డానో నాకు తెలీదు. వచ్చీ రాగానే ఆ సందు కలిపేశాను. మేనేజరు మ్యాపుని సిస్టంలో ఎక్కించేశాడు.

ఆ సాయంత్రం పొగమంచు దిగింది. కిటికీలోంచి మా బళ్ళు కూడా కనిపించలేదు. ఫోన్లు ఎత్తే అమ్మాయి నా వైపు తిరిగింది. "ఎవరో పెద్దావిడ, ఊపిరాడట్లేదంటోంది. పిన్‌కోడ్ అడిగితే, మాకు లేదమ్మా అంటోంది. కంప్యూటరు మాత్రం చోటు చూపించింది. మీ తమ్ముడి బండి వెళ్ళింది."

మ్యాపు తెరిచాను. సందు తెరుచుకుని ఉంది. వాడి బండి గుర్తు అందులో ఉంది.

వెంటనే వాడికి ఫోన్ చేశాను.

"ఎక్కడున్నావురా?"

"వచ్చేశానక్కా. ఇక్కడేదో కొత్త వీధి ఉందే."

"అక్కడ వీధి లేదు. గోడ ఉంది. బండి తిప్పెయ్."

"వెనక ఉంది గోడ..." వాడి గొంతు తగ్గింది. "అన్ని ఇళ్ళల్లో లైట్లున్నాయి. అందరూ పిల్లాపాపలతో గుమ్మాల్లోకి వచ్చి నిలబడ్డారు. ఒక్కరూ మాట్లాడట్లేదు. ఏదో తడి సున్నం వాసన..."

"అద్దాలు ఎత్తేయ్. దిగకు."

"ఒకతను అద్దం మీద కొడుతున్నాడు. మీ ఇంటి పిన్‌కోడ్ ఎంత అంటున్నాడు."

"చెప్పకురా!"

దూరంగా... గిన్నెలు తోముతున్న చప్పుడు.

"చెప్పేశానక్కా."

లైన్ తెగిపోయింది.

నేను చెప్పులు కూడా వేసుకోకుండా బయటికి పరుగెత్తాను. గేటు దగ్గరికి వెళ్ళేసరికి మంచులోంచి వాడి బండి వచ్చింది. వాడు దిగాడు. కావలించుకుని భోరుమన్నాను. వాడి చొక్కా చల్లగా ఉంది.

"దారి తప్పాను, అంతే," అన్నాడు.

నా చేతిలో ఫోను మోగింది. తెర మీద తమ్ముడి పేరు. వాడు దాన్ని చూశాడు. కంగారు పడలేదు. నా చెవి దగ్గరికి వంగాడు.

"ఆ సందు కలిపెయ్యక్కా. ఎందుకలా తెరిచి ఉంచడం?"

నేను కలపలేదు. కలపను. ఇప్పుడు అదే మూసుకుపోతోంది. రోజూ పొద్దున్నే వెళ్ళి, పక్క గీతల్ని జరిపి తెరుస్తున్నాను. మేనేజరు తిడుతున్నాడు. తిట్టనీ. ఎంత జరిపినా నిన్నటికంటే సన్నగానే ఉంటోంది. సాయంత్రం ఫోన్ వస్తుంది. "అక్కా, వీధి ఇరుకైపోతోంది... తొందరగా ఏదైనా చెయ్," అని వాడు ఏడుస్తాడు. పక్క గదిలో ఇంకొకడు అమ్మతో కబుర్లు చెబుతుంటాడు. వీడికి ఇన్నాళ్ళకి బుద్ధొచ్చిందని అమ్మ మురిసిపోయింది. ఎంత మొత్తుకున్నా నా మాట నమ్మలేదు. మొన్న నేను ఆఫీసులో ఉండగా, అలా తిప్పుకొస్తానని అమ్మని బండిలో తీసుకెళ్ళాడట.

నిన్న ఫోన్ ఎత్తితే వాడు ఏడవలేదు. కోపంగా ఉన్నాడు.

"అమ్మని ఎందుకు పంపించావక్కా?"

వాడి వెనక సన్నగా అమ్మ దగ్గు వినిపించింది. నేను తలెత్తి చూశాను. అమ్మ ఎదురుగా మంచం మీద కూర్చుని బట్టలు మడతపెడుతోంది.

"ఎవరే ఫోన్లో?" అంది, తలెత్తకుండా.

మడత పెట్టినవన్నీ చిన్న చిన్న గౌన్లు. మా ఇంట్లో చిన్నపిల్లలు లేరు.